విమాన చోదకుని గంటలు

ఎడ్లబండిలో రాత్రి ప్రయాణము చేసిన పెద్దలను అడిగితే ఒక సంగతి చెబుతారు. నడిరాత్రి దాటేసరికి బండివాడు తొట్టిలో ఒరిగి కునుకు తీసేవాడు. పగ్గాలు చేతిలోనే ఉండేవి; కాని బండిని నడిపేవి ఎడ్లే. దారి వాటికి తెలుసు. గొయ్యి వస్తే తప్పుకొనేవి. వాగు వస్తే ఆగేవి. తెల్లవారేసరికి బండి ఊరు చేరేది.

యంత్రము వచ్చిన తరువాత ఈ సౌకర్యము పోయినది. యంత్రమునకు కండ్లు లేవు, దారి తెలియదు. నడిపేవాడు నిద్రపోతే యంత్రము తన పని తాను చేసుకొని పోతుంది. విమానము విషయములో ఇది మరీ కఠినమైన సంగతి. ఎత్తున పోయే జెట్ విమానపు వేగము గంటకు సుమారు 900 కిలోమీటర్లు. అంటే సెకండుకు 250 మీటర్లు. చోదకుడు ప్రమాదమును గుర్తించుటలో అర సెకండు ఆలస్యము చేసినా ఈలోగా విమానము 125 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. వెనుక కూర్చున్న వందలమంది ఈ సంగతి ఎరుగరు.

అందుచేతనే చోదకుడు రోజుకు ఎన్ని గంటలు విమానము నడపవచ్చును, ఎంత విశ్రాంతి తీసుకొనవలెను, ఏ వయస్సు వరకు పనిచేయవచ్చును, ఎట్టి వాతావరణములో బయలుదేరవచ్చును అనే విషయములను గూర్చి అన్ని దేశములలోను నియమములు ఉన్నవి. ఈ నియమములు ఎవరో శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో కూర్చొని ఒక్కనాడు వ్రాసిపెట్టినవి కావు. చాలా నియమముల వెనుక ఒక ప్రమాదమో, ఒక తగాదానో ఉన్నది. నియమము మారినప్పుడు చోదకులు చూస్తూ ఊరుకొనలేదు. కొన్నిసార్లు నియమము కావలెనని పోరాడినారు. కొన్నిసార్లు వద్దని పోరాడినారు. ఒకే నియమమును మొదట వ్యతిరేకించి, తరువాత సమర్థించిన సందర్భము కూడ ఉన్నది.

పొగమంచులో పుట్టిన తగాదా

అమెరికాలో విమానముల ద్వారా టపా పంపుట 1918 మే 15వ తేదీన ఆరంభమైనది. న్యూయార్కుకు, వాషింగ్టనుకు మధ్య ఈ టపా నడిచేది. ఆనాటి విమానములు కర్రతోను, గుడ్డతోను చేసినవి. చోదకుడు పైన కప్పులేని గుంటలో కూర్చొని, క్రింద కనబడే రైలు పట్టాలను, నదులను చూచుకొంటూ దారి తెలుసుకొనేవాడు. నేల కనబడకపోతే అతనికి దిక్కు తోచదు.

ఇందులో దారి తప్పుట ఒక్కటే ప్రమాదము కాదు. మన చెవి లోపలి భాగములో మూడు అర్ధవృత్తాకార నాళములు ఉన్నవి. వాటిలో ద్రవము ఉన్నది. తల తిరిగినప్పుడు ఈ ద్రవపు కదలికను బట్టి మనము తిరుగుతున్నట్లు మెదడుకు తెలుస్తుంది. కాని ఒకే వేగముతో కొంతసేపు తిరుగుతూ ఉంటే ద్రవము కూడ నాళముతోపాటే తిరగసాగుతుంది. అప్పుడు తిరుగుతున్న మనిషికి తాను తిన్నగా పోతున్నట్లే తోస్తుంది. నేలమీద ఈ పొరపాటును కన్ను సరిదిద్దుతుంది. పొగమంచులో కన్ను పనిచేయదు. విమానము ఒక ప్రక్కకు ఒరిగి, గుండ్రముగా తిరుగుతూ క్రిందికి దిగుతున్నా చోదకుడు తిన్నగానే పోతున్నాననుకొంటాడు. ఆనాటి చోదకులకు ఈ శాస్త్రము తెలియదు. కాని మబ్బులోకి దూరిన తోటివారు మరల ఎట్లు బయటపడినదీ వారికి బాగా తెలుసు.

1919 జూలై నెలలో న్యూయార్కు వద్ద బెల్మాంట్ పార్కు మైదానములో దట్టమైన పొగమంచు పట్టినది. లియాన్ స్మిత్ అనే చోదకుడు టపా తీసుకొని బయలుదేరుటకు నిరాకరించినాడు. అతనికి బదులుగా పిలిపించిన హామిల్టన్ లీ అనే చోదకుడు కూడ నిరాకరించినాడు. విమాన టపాపై అధికారి ఓటో ప్రేగర్ అనే ఆయన. ఆయన స్వయముగా చోదకుడు కాడు. టపా వేళకు అందకపోతే శాసనసభ డబ్బు మంజూరు చేయదనీ, విమాన టపాయే మూతపడుతుందనీ ఆయన భయము. ఆ భయము నిరాధారమైనది కాదు. నేల కనబడనక్కర లేదు, దిక్సూచిని చూచి నడపండి అన్నట్లు ఆయన వాదన సాగినది. ఇద్దరినీ ఉద్యోగము నుండి తొలగించినాడు.

వెంటనే మిగిలిన చోదకులు విమానములను ఎక్కము అన్నారు. పత్రికలు ఈ సంగతి ప్రముఖముగా ప్రకటించినవి. కొద్ది రోజులలోనే రాజీ కుదిరినది. లీకి ఉద్యోగము తిరిగి ఇచ్చినారు, స్మిత్‌కు ఇవ్వలేదు. రాజీలోని షరతు గమనింపదగినది. వాతావరణము బాగున్నదో లేదో ఎక్కడో దూరముగా ఉన్న కార్యాలయము గాక, ఆ మైదానపు అధికారియే నిర్ణయించవలెను. ఆయన వెళ్ళమన్నా చోదకుడు వెళ్ళనంటే, ఆ అధికారి స్వయముగా విమానములో ఎక్కి పైకి వెళ్ళి చూడవలెను!

ఈ షరతు నవ్వు పుట్టించవచ్చును. కాని దీనిలో ఒక గంభీరమైన సూత్రము ఉన్నది. ఆజ్ఞ ఇచ్చేవాడు ఆ ఆజ్ఞ వలన కలిగే అపాయమును తానుకూడ పంచుకొనవలెను. పొగమంచులో తిన్నగా నడుపుటకు తోడ్పడే గైరోస్కోపు పరికరములు తరువాత పదేండ్లకు గాని సిద్ధము కాలేదు. జేమ్స్ డూలిటిల్ 1929 సెప్టెంబరు 24న బయటి దృశ్యము కనబడకుండ తన స్థానమును కప్పివేయించుకొని, పరికరములను మాత్రమే చూచి విమానమును ఎక్కించి, దింపినాడు. 1919లో అధికారి కోరినది 1929లో సాధ్యమైనది. నియమము యంత్రముకంటె పదేండ్లు ముందుగా నడచినది; తగాదాకు కారణము ఇదే.

నెలకు 85 గంటలు

1920ల చివరకు విమానములలో టపాతోపాటు మనుష్యులు కూడ ప్రయాణము చేయసాగినారు. కంపెనీలు పెరిగినవి. చోదకులకు ఆనాడు నడిపిన మైళ్ళను బట్టి జీతము. ఎక్కువ దూరము నడిపితే ఎక్కువ డబ్బు. అందుచేత అలసిపోయినవాడు కూడ విశ్రాంతి కోరుటకు వెనుదీసేవాడు. తరువాత ఆర్థిక మాంద్యము వచ్చినది. కంపెనీలు జీతములు తగ్గించి, పని గంటలు పెంచజూచినవి.

1931లో డేవిడ్ బెన్కీ అనే చోదకుని నాయకత్వమున అమెరికా చోదకులు ఒక సంఘముగా ఏర్పడినారు. జీతముల తగాదా పెరిగి ప్రభుత్వము నియమించిన జాతీయ కార్మిక మండలి ముందుకు వచ్చినది. ఆ మండలి 1934 మే నెలలో తీర్పు చెప్పినది. అది ఆ మండలి ఇచ్చిన 83వ తీర్పు. చోదకుడు నెలకు 85 గంటలకు మించి విమానము నడుపరాదని దానిలో ఉన్నది. 1938లో అమెరికా చేసిన విమానయాన చట్టములో ఈ తీర్పును పాటించవలెనని చేర్చినారు.

నెలకు 85 గంటలు అంటే రోజుకు మూడు గంటలైనా లేదే, ఇది ఎంత సుఖమైన ఉద్యోగము అని విద్యార్థులు అనుకొనవచ్చును. ఇక్కడ రెండు మాటలను వేరు చేసి తెలుసుకొనవలెను. విమానము కదలినప్పటి నుండి ఆగువరకు గల కాలము నడిపిన కాలము. చోదకుడు పనికి హాజరైనప్పటి నుండి సెలవు పుచ్చుకొనే వరకు గల కాలము విధి కాలము. విధి కాలములో విమానమును పరీక్షించుట, వాతావరణ పటములు చూచుట, ప్రయాణమునకు ప్రయాణమునకు మధ్య ఎదురుచూచుట, అన్నీ చేరుతవి. రెండు గంటల ప్రయాణములు మూడు చేసినవాడు ఆరు గంటలే నడిపినాడు; కాని పదకొండు గంటలు పనిలో ఉండవచ్చును. ఈ తేడాను పాత నియమములు సరిగా గుర్తించలేదు. తరువాతి తగాదాలలో ఎక్కువ భాగము ఈ తేడా నుండియే పుట్టినవి.

ఎనిమిది గంటలు, పదిహేను నిమిషములు

అమెరికాలో దేశములోపల నడిచే విమానముల చోదకులకు ఒక విశ్రాంతికి, మరొక విశ్రాంతికి మధ్య 8 గంటలే హద్దు. చాలాకాలము ఈ హద్దుకు చిక్కు రాలేదు. ఎందుచేతననగా, ఏ విమానమూ అంతసేపు ఆగకుండ పోయేది కాదు. మధ్యలో పెట్రోలు కోసము దిగినప్పుడు చోదకులు మారేవారు.

1953 నవంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంపెనీ డగ్లస్ డి.సి.-7 అనే కొత్త విమానముతో న్యూయార్కు, లాస్ ఏంజిలిస్ నగరముల మధ్య ఎక్కడా ఆగని ప్రయాణములను ప్రారంభించినది. ఎనిమిది గంటలలోపల ఖండమును దాటిస్తామని ప్రకటించినది. తూర్పుగా వచ్చేటప్పుడు ఇది సాధ్యమే. ఎందుచేతననగా, ఆ అక్షాంశములలో పై గాలులు పడమటి నుండి తూర్పునకు వీస్తవి. విమానమును వెనుకనుండి నెట్టుతవి. పడమటికి పోయేటప్పుడు అవే గాలులు ఎదురు వస్తవి. అప్పుడు ప్రయాణము ఎనిమిది గంటలు దాటేది. వేళను నిలబెట్టుటకు ఇంజనులను మితిమీరి నడుపవలసి వచ్చేది. వేడెక్కి అవి తరచు చెడిపోయేవి.

ఇప్పుడు మూడు మార్గములు ఉన్నవి. మధ్యలో ఎక్కడైనా దిగి చోదకులను మార్చుట ఒకటి. విమానములో అదనముగా చోదకుని ఎక్కించుట రెండవది. నియమమును సడలించుట మూడవది. మొదటి రెంటికీ ఖర్చు అవుతుంది. కంపెనీ మూడవదానిని కోరినది. ప్రభుత్వపు విమానయాన మండలి సడలింపు ఇచ్చినది. చోదకుల సంఘము మండిపడినది. ఎనిమిది గంటలా, ఎనిమిది గంటల పదిహేను నిమిషములా అన్నది కాదు వారి తగాదా. వేళల పట్టిక కోసము నియమమును ఒకసారి వంచితే అది మరల నిలబడదు అన్నది వారి వాదన. ఆరు ఇంజనీరింగు లెక్కలు వేసినా, పదిహేను నిమిషములలో మనిషి కుప్పకూలడు అన్నది అవతలివారి వాదన. రెండిటిలోను నిజము ఉన్నది. 1954 వేసవిలో ఆ కంపెనీ చోదకులు సమ్మె చేసినారు. మూడు వారములకు పైగా విమానములు ఆగిపోయినవి.

ఈ తగాదాను చివరకు చల్లార్చినది న్యాయస్థానము కాదు, చర్చలు కాదు; జెట్ ఇంజను. 1959 జనవరి 25న అదే మార్గములో అదే కంపెనీ బోయింగు 707 జెట్ విమానమును నడిపినది. ప్రయాణ కాలము ఎనిమిది గంటల హద్దుకు చాలా దిగువకు పడిపోయినది. తగాదాను తెచ్చినది కొత్త యంత్రమే. తీసుకొనిపోయినది మరొక కొత్త యంత్రము.

కుర్చీ, వయస్సు

జెట్ విమానము తనతోపాటు వేరే తగాదాలను తెచ్చినది. 1959 ఫిబ్రవరి 3న పాన్ అమెరికన్ కంపెనీ బోయింగు 707 అట్లాంటిక్ సముద్రము మీద 35,000 అడుగుల ఎత్తున పోతున్నది. విమానము తనంత తాను నడుచుటకు తోడ్పడే ఆటోపైలట్ పనిచేస్తున్నది. ప్రధాన చోదకుడు ప్రయాణికులను పలుకరించుటకు వెనుకకు వెళ్ళినాడు. ఆటోపైలట్ విడిపోయిన సంగతి సహాయ చోదకుడు గమనించలేదు. విమానము నెమ్మదిగా ఒరిగి, తరువాత నిట్టనిలువుగా పడసాగినది. ప్రధాన చోదకుడు ప్రాకుతూ తన స్థానమునకు చేరి, విమానమును నిలబెట్టేసరికి అది సుమారు 6,000 అడుగులకు దిగినది. విమానము గాండర్ చేరి సురక్షితముగా దిగినది. ఎవరి ప్రాణమూ పోలేదు.

ఆనాడు అమెరికా విమానయాన సంస్థకు మొదటి అధిపతి ఎల్వుడ్ కెసాడా. ఆయన యుద్ధములో పనిచేసిన సైనికాధికారి. అత్యవసరమైతే తప్ప చోదకులు తమ కుర్చీలను విడువరాదను నియమమును గట్టిగా అమలు జరుపసాగినాడు. తనిఖీదారులను విమానములలో ఎక్కించినాడు; తప్పినవారికి జరిమానాలు వేయించినాడు. తమను బడిపిల్లలవలె చూస్తున్నారని చోదకులు కోపించినారు. కాని ఈ నియమము వెనుక గల కారణము మాత్రము బలమైనది. అట్లాంటిక్ మీద జరిగినదానిని ఎవరూ కాదనలేరు.

అదే సంవత్సరము డిసెంబరులో ఆయన మరొక నియమము తెచ్చినాడు. 60 ఏండ్లు నిండినవారు ప్రయాణికుల విమానములను నడుపరాదు. ఇది 1960 మార్చి 15 నుండి అమలులోకి వచ్చినది. వయస్సుతోపాటు గుండెపోటు వంటి ఆకస్మిక అనారోగ్యములు పెరుగుతవి; ఏ ఒక్క మనిషికి అది ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు; అందుచేత అందరికీ ఒకే హద్దు పెట్టవలెను అని ఆయన వాదన. 59 ఏండ్ల 11 నెలలకు ఆరోగ్యముగా ఉన్న మనిషి మరునెలకు పనికిరానివాడు ఎట్లవుతాడు, ముప్పది ఏండ్ల అనుభవమునకు విలువ లేదా అని చోదకుల వాదన. సంఘము న్యాయస్థానమునకు వెళ్ళినది. 1960లో న్యాయస్థానము ప్రభుత్వము పక్షముననే తీర్పు చెప్పినది.

తరువాత జరిగినది మరీ ఆసక్తికరమైనది. ఇరువది ఏండ్లు ఈ నియమమును వ్యతిరేకించిన సంఘమే 1980లో దీనిని సమర్థించుటకు నిశ్చయించినది. ఈలోగా పింఛనులు మెరుగైనవి. పెద్దవారు తప్పుకొంటే చిన్నవారికి పై పదవులు వస్తవి. 2006లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఈ హద్దును 65 ఏండ్లకు పెంచినది. 2007లో అమెరికా సంఘము మరల తన అభిప్రాయమును మార్చుకొన్నది; అదే సంవత్సరము డిసెంబరులో అమెరికా చట్టము కూడ 65కు మారినది. మనిషి గుండె 1960లో ఒక విధముగాను, 1980లో ఒక విధముగాను కొట్టుకొనదు. మారినది చోదకుల ప్రయోజనము. చోదకులు చెప్పేదంతా శాస్త్రమే అనుకొనుట ఎంత పొరపాటో, వారు చెప్పేదంతా స్వార్థమే అనుకొనుట కూడ అంతే పొరపాటు. ప్రతి వాదమును విడిగా తూచవలెను.

శరీరములోని గడియారము

గంటల లెక్కను శాస్త్రము ఎట్లు చూస్తుంది? పాత నియమములు మనిషిని నీటితొట్టి వంటివానిగా భావించినవి. ఎనిమిది గంటలు పనిచేస్తే తొట్టి ఖాళీ అవుతుంది. విశ్రాంతి ఇస్తే నిండుతుంది. పగలైనా రాత్రియైనా ఒకే లెక్క. ఇది సగము నిజము.

మెదడు అడుగుభాగములో, కంటి నరములు ఒకదానినొకటి దాటేచోట, ఒక చిన్న కణముల గుంపు ఉన్నది. అదే మన శరీరపు గడియారము. దాని చుట్టు సుమారు 24 గంటలు. సూర్యకాంతి దానిని రోజూ సరిదిద్దుతూ ఉంటుంది. శరీరపు వేడి, చురుకుదనము, నిద్రమత్తు దీని వెంటనే నడుస్తవి. తెల్లవారుజామున సుమారు 2 గంటలకు, 6 గంటలకు మధ్య చురుకుదనము అడుగంటుతుంది. చాలినంత నిద్రపోయినవానికి కూడ ఆ వేళ రెప్పలు వాలుతవి. పగటి నిద్ర రాత్రి నిద్రకు సమానము కాకపోవుటకు కూడ ఈ గడియారమే కారణము. కనుక పగలు నడిపిన ఎనిమిది గంటలు, రాత్రి నడిపిన ఎనిమిది గంటలు ఒకటి కావు.

మెలకువగా ఉన్న కాలము కూడ లెక్కలోకి వస్తుంది. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ అనేవారు ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించినారు. 17 గంటలు ఎడతెగక మేల్కొని ఉన్నవాని చేతి నేర్పు, రక్తములో 0.05 శాతము మద్యము ఉన్నవాని నేర్పుతో సమానముగా తగ్గినది. చాలా దేశములలో ఆ మాత్రము మద్యముతో కారు నడుపుట నేరము. మద్యము త్రాగినవాని నోటిని పరీక్షించవచ్చును. నిద్ర చాలనివానిని పట్టుకొనే పరికరము లేదు. పైగా అలసినవానికి తన అలసట పూర్తిగా తెలియదు. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా 33½ గంటలు విమానము నడిపి అట్లాంటిక్‌ను దాటినప్పుడు, అంతకు ముందు రాత్రి కూడ నిద్రపోలేదు. విమానములో తన వెనుక ఏవో ఆకారములు కనబడినట్లు తరువాత తానే వ్రాసినాడు.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒకరు 30 సెంటీమీటర్ల కొలబద్దను నిలువుగా పట్టుకొనవలెను. మరొకరు దాని క్రింది కొన వద్ద బొటనవ్రేలు, చూపుడువ్రేలు విడిగా ఉంచవలెను. చెప్పకుండ కొలబద్దను వదలగానే రెండవవారు పట్టుకొనవలెను. 20 సెంటీమీటర్ల వద్ద పట్టుకొంటే సుమారు 0.20 సెకండు పట్టినదని అర్థము. కొలబద్ద పూర్తిగా జారిపోతే 0.25 సెకండు దాదాపు గడచిపోయినది. పడిన దూరము కాలపు వర్గమును అనుసరించి పెరుగుననే సూత్రమే ఈ లెక్కకు ఆధారము. బాగా నిద్రపోయిన ఉదయమున పదిసార్లు, ప్రయాణము చేసి వచ్చిన ఉదయమున పదిసార్లు కొలిచి సగటులను పోల్చి చూడవచ్చును. సగటుకంటె, మధ్యమధ్య పూర్తిగా చేజారిన సందర్భములను లెక్కపెట్టుట ముఖ్యము. అలసట మనిషిని ఎల్లప్పుడు నెమ్మదిగా చేయదు. ఉన్నట్టుండి ఒకసారి పూర్తిగా ఏమరుపాటు కలిగిస్తుంది.

అలసటకు నియమము

1993 ఆగస్టు 18న క్యూబాలోని గ్వాంటనామో వద్ద ఒక సరుకుల విమానము కూలినది. ముగ్గురు సిబ్బంది బ్రతికినారు. అమెరికా ప్రమాద విచారణ మండలి ఒక పెద్ద విమాన ప్రమాదమునకు చోదకుల అలసటను ముఖ్య కారణముగా పేర్కొనుట అదే మొదటిసారి. అయినను నియమములు వెంటనే మారలేదు.

2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్కు రాష్ట్రములోని బఫెలో నగరము వద్ద కోల్గన్ అనే కంపెనీ విమానము ఒక ఇంటిపై కూలినది. విమానములోని 49 మంది, ఇంటిలోని ఒకరు మరణించినారు. వేగము పడిపోయినదని హెచ్చరిక రాగానే విమానపు ముక్కును దించుటకు బదులు ప్రధాన చోదకుడు పైకి లాగినాడు. సహాయ చోదకురాలు అంతకు ముందు రాత్రి దేశపు ఆ చివరి నుండి ఈ చివరకు ప్రయాణము చేసి పనికి వచ్చినది. ప్రధాన చోదకుడు సిబ్బంది గదిలోనే రాత్రి గడిపినాడు. అలసట వారి పనిని కొంత దెబ్బతీసియుండునని విచారణ మండలి భావించినది; ఎంత అన్నది తేల్చి చెప్పలేకపోయినది. మృతుల బంధువులు చట్టసభ చుట్టు తిరిగి 2010లో చట్టము చేయించినారు.

దానిని అనుసరించి వచ్చిన కొత్త నియమములు 2014 జనవరి 4 నుండి అమలు జరిగినవి. పనికి ముందు 10 గంటల విశ్రాంతి ఉండవలెను. అందులో 8 గంటలు ఎడతెగని నిద్రకు వీలుండవలెను. పని మొదలుపెట్టిన వేళను బట్టి, ఎన్నిసార్లు ఎక్కి దిగవలెనన్న దానిని బట్టి విధి కాలపు హద్దు 9 నుండి 14 గంటల వరకు మారుతుంది. రాత్రి మొదలుపెట్టినవానికి తక్కువ గంటలు. శరీరపు గడియారము ఈ విధముగా చట్టములోకి ఎక్కినది.

అయితే సరుకుల విమానముల చోదకులకు ఈ నియమములు వర్తింపజేయలేదు. వారికి వర్తింపజేస్తే ఖర్చు ఎక్కువ, లాభము తక్కువ అని ప్రభుత్వము లెక్కవేసినది. ఎక్కువగా రాత్రివేళ పనిచేసేది వారే. యు.పి.ఎస్. కంపెనీ చోదకుల సంఘము న్యాయస్థానమునకు వెళ్ళినది, 2016లో ఓడిపోయినది. ఈ వ్యాజ్యము నడుస్తుండగానే, 2013 ఆగస్టు 14 తెల్లవారుజామున అదే కంపెనీ సరుకుల విమానము బర్మింగ్‌హామ్ వద్ద దిగబోయి కూలినది. చోదకులిద్దరూ మరణించినారు.

మన దేశములో

మన దేశములో 1992 నాటి నియమములు చాలాకాలము అమలులో ఉండెను. 2007లో పౌర విమానయాన డైరెక్టరేటు కొత్త నియమములు తెచ్చినది. చోదకులు చాలినంతమంది లేరని కంపెనీలు మొరపెట్టుకొన్నవి. 2008లో కొత్త నియమములను నిలిపివేసి పాతవాటినే తిరిగి తెచ్చినారు. చోదకుల సంఘములు బొంబాయి హైకోర్టుకు, అక్కడినుండి సుప్రీంకోర్టుకు వెళ్ళినవి. 2011లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. ఆ సంవత్సరమే మరల కొత్త నియమములు వచ్చినవి.

ఈ మధ్యకాలములోనే మంగళూరు ప్రమాదము జరిగినది. 2010 మే 22 ఉదయము దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము కొండమీది రన్‌వే చివర దాటి లోయలో పడినది. 166 మందిలో 158 మంది మరణించినారు. ప్రధాన చోదకుడు ప్రయాణములో సుమారు గంటా నలుబది నిమిషములు నిద్రపోయినట్లు ధ్వని నమోదు యంత్రము వలన తెలిసినది. గాఢనిద్ర నుండి లేచినవానికి కొంతసేపు బుద్ధి సరిగా పనిచేయదు. విమానము ఎక్కువ ఎత్తు నుండి, ఎక్కువ వేగముతో దిగుతున్నా, మరల పైకి లేపుదామని సహాయ చోదకుడు చెప్పినా, ప్రధాన చోదకుడు వినలేదు. ఈ నిద్రమత్తును విచారణ సంఘము ఒక తోడ్పడిన కారణముగా పేర్కొన్నది.

2024 జనవరిలో డైరెక్టరేటు నియమములను మరింత కట్టుదిట్టము చేసినది. వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచినది. రాత్రి అనగా అర్ధరాత్రి నుండి 5 గంటల వరకు అని ఉన్నదానిని 6 గంటల వరకు పొడిగించినది. రాత్రి వేళ పనిలో ఆరుసార్లు దిగవచ్చునని ఉన్నదానిని రెండుసార్లకు తగ్గించినది. జూన్ 1 నుండి అమలు కావలసిన ఈ నియమములు కంపెనీల కోరికపై వాయిదా పడినవి. చోదకుల సంఘములు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినవి. చివరకు 2025 జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగిలినవి అమలులోకి వచ్చినవి.

నెల తిరుగగానే, డిసెంబరు మొదటి వారములో, దేశములో అన్నింటికంటె పెద్దదైన ఇండిగో కంపెనీ విమానములు వందల కొలదిగా రద్దయినవి. కొత్త నియమముల ప్రకారము కావలసినంతమంది చోదకులు లేరు. శంషాబాదులోను, ఇతర నగరములలోను ప్రయాణికులు గంటల తరబడి ఎదురుచూచినారు. పెండ్లిళ్ళకు, పరీక్షలకు అందుకొనలేకపోయినారు. డిసెంబరు 5న డైరెక్టరేటు ఆ కంపెనీకి రాత్రి నియమములలో కొంతకాలము సడలింపు ఇచ్చినది. దాదాపు రెండేండ్ల ముందే తెలిసిన నియమమునకు సిద్ధపడనివారికి ఈ మినహాయింపు ఏల అని చోదకుల సంఘములు ఆక్షేపించినవి. నిలిచిపోయిన ప్రయాణికుల గతి ఏమిటి అన్నది ప్రభుత్వము ముందున్న ప్రశ్న.

1954లో ఎనిమిది గంటల నియమమును సడలించినప్పటి వాదములను ఇక్కడ గుర్తు చేసుకొనవచ్చును. దేశము వేరు, విమానములు వేరు, వాదము ఒక్కటే. విమానములు రద్దయితే జరిగే నష్టము అదే రోజున అందరికీ కనబడుతుంది. చోదకునికి నిద్ర చాలకపోతే జరిగే నష్టము కనబడదు. వేయి రాత్రులు ఏమీ జరుగకపోవచ్చును. కనబడే నష్టము ఒకప్రక్క, కనబడని అపాయము ఒకప్రక్క ఉన్నప్పుడు, సామాన్యముగా తక్కెడ కనబడేదాని వైపే మొగ్గుతుంది. అపాయమును లెక్కకట్టి ముందుగానే హద్దు పెట్టుటకే నియమములు పుట్టినవి.

నియమము విశ్రాంతికి వేళ ఇవ్వగలదు, నిద్రపుచ్చలేదు. ఇచ్చిన వేళను నిద్రకు వాడుకొనుట, అలసట ఉన్ననాడు అలసితిని అని ధైర్యముగా చెప్పుట చోదకుని బాధ్యత. అట్లు చెప్పినవానిని శిక్షింపకుండుట కంపెనీ బాధ్యత. ఎడ్లబండి కాలములో ఈ భారమును ఎడ్లు మోసినవి. విమానమునకు ఎడ్లు లేవు.